తలంబ్రాలంటే పడని మనిషి

మిక్సింగాయన పోయాడన్న వార్త ఊళ్లో లేని నాకు వాట్సాప్‌లో వీడియోగా వచ్చింది. పాడె ముందు డప్పులు, టపాకాయల పొగ, మీద బంతిపూలు, బొరుగులు. తీసినవాడెవడో నడుస్తూ తీశాడు. అది ఎన్ని ఫోన్లు తిరిగి నా దాకా వచ్చిందో గానీ, పూలు చల్లినప్పుడల్లా బొమ్మంతా గళ్లు గళ్లుగా విడిపోయింది. పాడె మీద ఉన్నది ఆయనేనని కింద రాసి ఉండబట్టి నమ్మాను. బతికుండి ఆ వీడియో చూసి ఉంటే, తను పోయినందుకు కాదు, దాన్ని అలా గళ్లు పడనిచ్చి పంపినందుకు బాధపడేవాడు.

మిక్సింగ్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పెళ్లి వీడియో టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, కోసి, అతికించి, పాటలు కలిపి సీడీ చేసి ఇవ్వడాన్ని రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా వేంపల్లెలో మిక్సింగ్ అనేవాళ్లు. అది చేసేవాడు కాబట్టి ఆయన మిక్సింగాయన. పేరు లేక కాదు, కరెంటు బిల్లు మీద ఉండేది. ఊళ్లో ఎవరికీ దానితో అవసరం పడలేదు. కింద అప్పట్లో నా ఫోటో స్టూడియో, పైన ఆయన గది. పెళ్లివాళ్లు నా దగ్గర ఫోటోలు చూసుకుని, టేపులు పట్టుకుని మెట్లెక్కేవాళ్లు. కొందరు నవ్వుతూ ఎక్కి, తిట్టుకుంటూ దిగేవాళ్లు.

ఎందుకంటే ఎవరైనా టేపులు తెచ్చి బల్ల మీద పెడితే ఆయన వాటి వంక చూసేవాడు కాదు.

"చూసేటోళ్లు ఎవరు?" అనేవాడు.

"మేమే అన్నా, పెండ్లోళ్లం."

"మీరు ఒగసారి చూస్తారు. మళ్లా మళ్లా చూసేటోళ్లు ఎవరు? టీవీ ఎంత? యాడ పెట్టినారు? ఎదురుగా కిటికీ ఉండాదా?"

జవాబు నచ్చకపోతే సైకిలెక్కి వాళ్లింటికే పోయేవాడు. టీవీ ముందు చాపేసుకుని కూర్చుని, ఆ ఇంటి ముసలామె ఎక్కడ కూర్చుంటుందో అడిగి అక్కడ కూర్చుని, ప్లేయరు మూత మీద దుమ్ము చూసి, ఒక్క మాటా చెప్పకుండా వచ్చేసేవాడు. పిల్లను చూసుకోవడానికి వచ్చినవాళ్లు కూడా అన్ని ప్రశ్నలు అడగరని మా వీధిలో అనుకునేవాళ్లు.

ఒకసారి ఒక ఇంట్లో అవ్వకు కంట్లో పొర ఉందని తెలిసి, ఆమె కోసం ఆ పెళ్లి సీడీలో వెలుతురు బాగా పెంచి ఇచ్చాడు. అవ్వకు కనిపించిందో లేదో గానీ, పెళ్లికొచ్చిన నాలుగొందల మందీ తెల్లగా వచ్చారు. ఆ సీడీ ఊరంతా తిరిగింది. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లూ "మాకూ ఆ అవ్వోళ్ల సెట్టింగే పెట్టన్నా" అనడం మొదలుపెట్టారు. ఆయనకు అది పెద్ద అవమానం.

గదిలో ఒక బల్ల మీద వరసగా పాత ప్లేయర్లు పెట్టుకున్నాడు. అన్నింట్లోకీ చెడ్డదాని పేరు ముసలోడు. అది సగం సీడీలు మింగి తిరిగి ఇవ్వదు. తయారైన ప్రతి సీడీనీ ముందు దానికే వేసేవాడు. ముసలోడు ఒప్పుకుంటే జిల్లాలో ఏ ఇంట్లోనైనా ఆడుతుందని ఆయన లెక్క. రెండరింగ్ పెట్టాక, అంటే కంప్యూటరు ఆ ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియోగా వండుతున్నంతసేపూ, చేతులు కట్టుకుని తెర ముందు కూర్చునేవాడు. నీలంగీత కుడివైపుకు పాకుతూ ఉంటుంది. అంతకుమించి అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

"నువ్వు చూడకపోతే అది కాదా అన్నా?" అని అడిగాను ఒకసారి.

"అయితాది. మనం చూసినట్టు ఉండదు."

బిట్‌రేటును ఆయన నీళ్లనేవాడు. సీడీలో సెకనుకు ఇన్ని బిట్లే పడతాయి, ఎవరు చెప్పినా అంతకంటే పట్టవు. ఎండాకాలం మా వీధికి ట్యాంకరు వచ్చినప్పుడు ఉండే లెక్కే అది. పంతులు కూర్చుని మంత్రాలు చదువుతుంటే కదలిక లేదు గనక అరబిందెతో సరిపోతుంది. మనిషి లేచి నడిస్తే ఇంకో బిందె. తలంబ్రాలు మొదలయ్యేసరికి మాత్రం ప్రతి గింజా తన బిందె పట్టుకుని వరసలో నిలబడుతుంది. అన్ని వేల గింజలకు పోశాక పెళ్లికొడుకు మొహానికి మిగిలేదేమీ ఉండదు. ముక్కు ఉండాల్సిన చోట ఒక పసుపుపచ్చ గడి కనిపిస్తుంది. పెళ్లంతటిలో మనుషులు నిజంగా నవ్వే ఘడియ ఏదైతే ఉందో, సరిగ్గా అక్కడే సీడీ చేతులెత్తేస్తుంది.

అందుకని ఆయనకు తలంబ్రాలంటే పడేది కాదు. తన దగ్గరికి టేపులు రాబోయే పెళ్లి అని తెలిస్తే పిలవకపోయినా వెళ్లేవాడు. వేదిక వెనక మినుకుమినుకుమనే సీరియల్ బల్బుల ప్లగ్గు పీకేసి, కెమెరా పక్కన నిలబడేవాడు.

"మెల్లగ పోయమ్మా. ఒగ గుప్పిడి పోసి ఆగు. మల్ల ఇంగో గుప్పిడి."

"ముహూర్తం నీ సీడీ కోసం ఆగుతాదా నాయనా?" అన్నాడు ఒక పంతులు.

"ముహూర్తం గడియసేపు ఉంటాది సామీ. సీడీ ఇరవై ఏండ్లు ఉంటాది."

ఆ పెళ్లిలో ఆయనకు భోజనం పెట్టకుండా పంపించేశారు. ఆ సీడీలకు ఆరేళ్లకే బూజు పట్టిందనుకోండి, అది వేరే సంగతి.

ఆయన వినయవంతుడేమీ కాదు. కడపలో చేయించిన సీడీ ఏదైనా చూపిస్తే నిమిషం తిరక్కుండా "తీసెయ్ అప్పా, కండ్లు పాడైతాయి" అనేవాడు. అన్నిసార్లూ ఆయన మాటే నెగ్గిందని కూడా కాదు. ఒక ఊరేగింపులో పెళ్లికొడుకు చిన్నాన్న డప్పుల ముందు చాలాసేపు ఎగిరాడు. కదలిక మరీ ఎక్కువైందని ఈయన ఆ ఎగురుడంతా కోసి పారేశాడు. చిన్నాన్న వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"ఎగిరినావు సరేలేప్పా. దాంట్లో నీ మొగం ఉండదు, కాళ్లూ ఉండవు. గళ్లు ఎగురుతాంటాయి," అన్నాడు మిక్సింగాయన.

చిన్నాన్న లేవలేదు. చివరికి ఆ ఎగురుడు ఒక్కదాన్నే వేరే సీడీ చేసి ఇవ్వాల్సి వచ్చింది. చిన్నాన్న దాన్ని బంధువులందరికీ చూపించుకుని మురిసిపోయాడట. గళ్లు ఆయనకు కనిపించలేదు. మిక్సింగాయన దీని మీద చాలా రోజులు ముభావంగా ఉన్నాడు.

ఇంతవరకూ చెప్పింది ఊరందరికీ తెలిసిన మనిషి గురించి. ఇక మా ఇంటి సంగతి.

మా అక్క కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసేది. బావ పోయాక వెళ్లింది. కూతురు నా ఇంట్లోనే పెరిగింది. సంబంధం నేనే చూశాను. అబ్బాయిది బనగానపల్లె, మామిడితోటలు గుత్తకు పట్టే కుటుంబం. అక్క ఫోన్లోనే సరేనంది, అబ్బాయి ఫోటో మాత్రం చూసింది. పెళ్లికి పంపిస్తానన్న అక్కడి ఇంటామె తీరా సమయానికి పాస్‌పోర్టు చేతికివ్వలేదు. ఇక్కడ పత్రికలు పంచేశాం. అక్క లేకుండానే పెళ్లి అయిపోయింది.

మర్నాడు ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"పెండ్లంతా నాకొద్దు సామీ. తలంబ్రాలు చూపియ్. అప్పుడు పాప మొగం ఎట్ల పెట్టిందో చూడాల."

"బాగనే ఉండె అక్కా. సంతోషంగనే ఉండె."

"నువ్వు చెప్తే కాదు. ఇష్టపడి చేసుకునిందో, మనకోసం తల వంచిందో, దాని మొగం చూస్తే నాకు తెలుస్తాది. నేను ఈడ ఉండి ఊ అంటినే, అదే నాకు నిద్ర పట్టనీయడంల్యా."

ఆమె అడిగింది న్యాయమే. నేను చెప్పిందానికే ఆధారం లేదు. మేనమామను గనక అమ్మాయి వెనకాల నిలబడి ఉన్నాను, నాకు కనిపించింది పూలజడ. వీడియో తీసింది కూడా వేరే కుర్రవాడు. ఆ టేపులు పట్టుకుని పైకి వెళ్లాను.

"చూసేటోళ్లు ఎవరు?"

"మా అక్క."

"టీవీ ఎంత?"

"టీవీ కాదన్నా. సెల్లు. కువైట్‌లో ఉండాది. మా వీధిలో ఒగాయన పోతాండాడు, ఆయన చేతికి మెమరీ కార్డు ఇచ్చి పంపాల."

సెల్లు ఎంతుంటుందని అడిగాడు. అగ్గిపెట్టెలో సగం చూపించాను. కాసేపు నా వేళ్ల వైపే చూశాడు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. వాటిని నేను అక్కకు ఫోన్లో అడిగి, జవాబులు పైకి మోశాను. ఎక్కడ చూస్తుంది? సామాన్ల గదిలో. ఎప్పుడు? మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు పడుకున్నప్పుడు. సౌండు పెట్టుకుంటుందా? పెట్టుకోదు, వాళ్లకు వినపడితే సెల్లు లాక్కుంటారు.

"అయితే సౌండు తీసేస్తా," అన్నాడు.

"మేళం కూడానా?"

"ఆమెకు వినపడని మేళం ఎవరికప్పా? ఆ నీళ్లు గూడా బొమ్మకే పోద్దాం."

మా మేనకోడలి పెళ్లిలో నాదస్వరం అలా పోయింది. ప్రొద్దుటూరు నుంచి పిలిపించిన మేళం. నాకు మనసొప్పలేదు గానీ, సామాన్ల గదిలో కూర్చున్న అక్కను తలచుకుంటే ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

బస్టాండు దగ్గర కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన్ను పట్టుకుని అలాంటి సెల్లే అరువు తెచ్చుకున్నాడు. ఆ సెల్లుకు త్రీజీపీ అనే ఫైలు తప్ప ఇంకోటి ఎక్కదు. గదిలో ఆ చిన్న తెరను కంటికి ఆనించుకుని, ఒకటి చేసి, చూసి, తీసేసి, మళ్లీ చేసి, నాలుగైదు రోజులు కిందికి దిగలేదు. ఆ తర్వాత నన్ను పిలిచాడు.

"తలంబ్రాలు రావడంల్యా. బియ్యం సన్నం. మల్ల పోయించాల."

"మళ్లా పెండ్లి చేయాలనా?"

"పెండ్లి వద్దు. తలంబ్రాలు చాలు. లావు గింజ కావాల."

లావు గింజ అప్పటికే సిద్ధంగా ఉంది. గది మూల పేపరు పరిచి, పసుపు కలిపిన శెనక్కాయ విత్తనాలు ఆరబోసి ఉన్నాడు. ఒక విత్తనం తీసి సెల్లు తెర పక్కన పెట్టి చూపించాడు. ఇది కనపడుతుందన్నాడు. ఆయన మొహంలో నవ్వేమీ లేదు, అందుకని నేనూ నవ్వలేదు.

కొత్త జంట అప్పుడు మా ఇంట్లోనే ఉంది. అల్లుడికి విషయం చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి అమ్మాయే చెప్పింది. పాపం, ఆ అబ్బాయి పట్టుపంచె కట్టుకుని, బాసికం చేతిలో పట్టుకుని, పట్టపగలు బజార్లో నలుగురూ చూస్తుండగా మెట్లెక్కాడు. అల్లుడి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

వెనక ఒక నీలం దుప్పటి కట్టి, ఇద్దరినీ దగ్గరగా కూర్చోబెట్టి, కెమెరా మొహాలకు పెట్టాడు మిక్సింగాయన.

"కదలొద్దు. చేతులు మాత్రం ఆడియండి. మెల్లగ."

అమ్మాయి దోసిలి నిండా తీసుకుని పోసింది. బియ్యం పడితే తెలియదు. శెనక్కాయలు తల మీద టపటపామని పడ్డాయి. అబ్బాయి "అబ్బా" అన్నాడు. అమ్మాయి పెదవి బిగబట్టింది. ఈసారి అతను పోశాడు. పోసి, చేతికి అంటుకున్న విత్తనం ఒకటి, తోటల్లో తిరిగేవాడి అలవాటు గదా, చూసుకోకుండా నోట్లో వేసుకుని నమిలాడు. పచ్చి పసుపు. అతని మొహం చూసి అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. ఒంగిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అతనూ నవ్వాడు. పట్టుచీరా, పూలూ, నెత్తిన శెనక్కాయలూ అన్నీ కదిలిపోతున్నాయి. మిక్సింగాయన కెమెరా ఆపలేదు. కదలొద్దని కూడా అనలేదు. మరిచిపోయాడనుకున్నాను.

కార్డు వెళ్లిన వారానికి అక్క ఫోన్ చేసింది.

"చూసినా సామీ. పాప నవ్వింది." ఈసారి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ముక్కు చీదుకుని అడిగింది. "ఒగ మాట అడుగుతా. అవి శెనక్కాయలు గదా?"

"అవునక్కా."

"బనగానపల్లె వైపు అట్లనే పోస్తారా?"

"వాళ్లకు అట్లే అంట," అన్నాను.

అక్కకు ఆ ఆచారం బాగా నచ్చింది. మన పంట మన నెత్తిన పోసుకోవడంలో అర్థం ఉందని, అక్కడున్న కడప, రాయచోటి ఆడవాళ్లందరికీ చెప్పుకుందట. ఎవరూ కాదనలేదు.

ఇంటికి కూడా ఒకటి ఇవ్వాలి గదా. మా ఇంట్లో ఉన్నది సీడీ ప్లేయరని మిక్సింగాయనకు బాగా తెలుసు. అయినా అసలు పెళ్లంతా డీవీడీ చేసి చేతిలో పెట్టాడు.

"మాకు డీవీడీ ప్లేయర్ లేదు గదన్నా."

"కొంటారులే, ఎప్పుడో ఒగప్పుడు."

ముందు ప్లేయరు చూసి తర్వాత డిస్కు చేసే మనిషి అలా అనడం నాకు వింతగా ఉంది. డీవీడీ బీరువాలోకి వెళ్లిపోయింది.

అక్క కువైట్ వదిలేసి వచ్చేసరికి అమ్మాయికి ఇద్దరు పిల్లలు. అల్లుడు మంచివాడని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అప్పటికి మా ఇంట్లోకి డీవీడీ ప్లేయర్ కూడా వచ్చింది. ఒక ఆదివారం భోజనాలయ్యాక పెళ్లి పెట్టమంది. పెద్ద టీవీలో, మేళంతో సహా చూడాలని ఉందంది. అందరం కూర్చున్నాం. గౌరీపూజ అయింది, తాళి అయింది, తలంబ్రాలు వచ్చాయి.

ఒక్క గడి కూడా లేదు. డీవీడీకి ఉన్న నీళ్లన్నీ ఆయన అక్కడే పోసినట్టున్నాడు. గింజ గింజా విడివిడిగా కనిపిస్తోంది. అమ్మాయి మొహం కూడా కనిపిస్తోంది. అబ్బాయి ఏదో అంటూ నవ్వుతూ పోస్తున్నాడు, బియ్యం ఆమె తల మీద నుంచి జారిపోతున్నాయి. ఆమె అతని వైపు చూడటంలేదు. ఆడవాళ్లు కూర్చున్న వైపు చూస్తోంది. రెప్ప వేయకుండా, ఒకే చోటికి. కళ్లు నిండి ఉన్నాయి.

"బియ్యమే పోసినారే," అంది అక్క.

అమ్మాయి వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది.

"నిన్నే చూస్తాంటి మా," అంది. "రాలేదని తెల్సు. అయినా ఆ గుంపులో యాడన్నా ఉండావేమోనని."

అక్క టీవీ వైపు ఇంకాసేపు చూసింది. తర్వాత నాతో అంది.

"ఆపెయ్ సామీ. నా బిడ్డ పెండ్లి నేను చూసినా. ఇది నేను లేని పెండ్లి."

ఆపేశాను. ఆ తర్వాత ఆ డీవీడీని మా ఇంట్లో ఎవరూ పెట్టలేదు.

మర్నాడు పొద్దున పైకి వెళ్లి మిక్సింగాయనకు జరిగింది చెప్పాను. ఎవరిదో పెళ్లి రెండరింగ్‌లో ఉంది. చేతులు కట్టుకుని నీలంగీత చూస్తూ విన్నాడు.

"బొమ్మ యాడన్నా పగిలిందా?" అని అడిగాడు.

"లేదన్నా."

తలూపాడు. నాకు ఉండబట్టలేదు.

"బియ్యం సన్నమని గదా ఆ పొద్దు నువ్వు అనింది?"

"సన్నమే."

గీత ఇంకొంచెం జరిగింది. ఆయన దాని మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఫస్టు అసలుదే సెల్లులోకి ఎక్కించినా. పెండ్లికొడుకు పగిలె, పంతులు పగిలె, బియ్యం ఎటూ పగిలె. పిల్ల మాత్రం కదల్లేదప్పా. కదలకుంటే యాడ పగుల్తాది? అంత చిన్న సెల్లులో గూడా ఆ మొగం ఒగటే బాగ కనపడతాండె. దాన్ని ఆ తల్లికి ఎట్ల పంపేది?"